దొరకడం లేదండీ!

అమెరికా సర్కారు బడుల్లో నల్లజాతి టీచర్లు ఎందుకింత తక్కువని అడిగి చూడండి. అధికారులు దిగాలుగా మొహం పెట్టి ఒకటే మాట చెబుతారు: మేం తీసుకోవడానికి సిద్ధమే, వాళ్లే దొరకడం లేదండీ! మన దగ్గర బ్యాక్‌లాగ్ పోస్టుల ఫైళ్లు తిరగేసినవాళ్లకి ఈ పాట కొత్తేం కాదు.

ఆ బడుల్లో తెల్ల పిల్లలు సగానికన్నా తగ్గి పదేళ్లు దాటింది. టీచర్లలో మాత్రం నూటికి 80 మంది తెల్లవాళ్లే. నల్లజాతివాళ్లు ఆరేడుగురు. వాళ్లలో మగవాళ్లెందరని లెక్కేస్తే, మొత్తం టీచర్లలో నూటికి ఇద్దరు కూడా తేలరు. అందుకని కమిటీలు వేస్తారు, సదస్సులు పెడతారు, డైవర్సిటీ అంటూ రంగురంగుల బ్రోచర్లు అచ్చేస్తారు. అట్ట మీద నవ్వుతూ ఒక నల్లజాతి మాస్టారు ఉంటారు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన కోసం వెతకడం మీ ఓపిక.

ఇంతగా దొరకని ఈ మనుషులు ఒకప్పుడు ఎక్కడుండేవాళ్లు? బడుల్లోనే ఉండేవాళ్లు.

1953 మార్చి. కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా ఊరు. తెల్ల పిల్లలకో బడి, నల్ల పిల్లలకో బడి న్యాయమేనా అని బ్రౌన్ కేసు సుప్రీంకోర్టులో నడుస్తోంది. తీర్పు రావడానికి ఇంకా 14 నెలలుంది. సూపరింటెండెంట్ వెండెల్ గాడ్విన్ గారికి ముందుచూపు ఎక్కువ. కొత్తగా చేరిన నల్లజాతి టీచర్లకి ముందే ఉత్తరం పంపేశారు. కోర్టు గనక వేరు బడులు కూడదంటే, తెల్ల పిల్లలకి మీరు పాఠం చెప్పడం ఊళ్లో చాలామందికి ఇష్టం ఉండదని మా బోర్డు అనుకుంటోంది, కాబట్టి వచ్చే ఏడు మీ సేవలు అక్కర్లేదు అని. చివర్లో సానుభూతి కూడా ఉంది. ఏం జరిగినా అది అందరి మేలుకేనని ఆయన నమ్మకమట! ఉద్యోగం పోయేది ఆయనది కాదు గదా.

1954 మే 17న తీర్పు వచ్చింది. పిల్లల్ని కలిపారు. అంటే నల్ల పిల్లల్ని తెల్ల బడికి పంపి, నల్ల బడికి తాళం వేశారు. తాళంతోపాటు టీచర్లూ బయటపడ్డారు. పదేళ్లలో 17 రాష్ట్రాల్లో దాదాపు 38,000 మంది నల్లజాతి టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్లకి చదువు చాలదని అనడానికీ లేదు. దక్షిణాది రాష్ట్రాలు తమ యూనివర్సిటీల గడప తొక్కనివ్వక, ఎదురు ఫీజిచ్చి మరీ ఉత్తరాదికి తోలేవి. అలా వెళ్లి కొలంబియాలో ఎంఏలు చేసి తిరిగొచ్చినవాళ్లున్నారు.

మిస్సోరీలోని మోబర్లీలో ఇంకా చక్కగా జరిగింది. 1955లో బడులు కలిపి, అందరి అర్హతలూ పోల్చి చూశామన్నారు. 11 మంది నల్లజాతి టీచర్లుంటే 11 మందీ పోయారు. ఇందులో జాతి వివక్ష లేదని 1959లో అప్పీలు కోర్టూ అంది. ప్రతిభ అంత కచ్చితంగా రంగు చూసుకుని వాలడం విశేషమే!

టీచరు రంగుతో పనేముంది, రెండు రెళ్లు ఎవరు చెప్పినా నాలుగే కదా అంటారు కొందరు. నిజమే. మరి టొపీకాలో ఈ మాట ఎవరికీ తోచలేదేం? టెనెసీ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన ఆర్థికవేత్తలకి మాత్రం వేరే లెక్క తేలింది. మూడో తరగతిలోపు ఒక్క నల్లజాతి టీచరు దగ్గరైనా చదివిన నల్ల పిల్లలు కాలేజీలో చేరే అవకాశం 13 శాతం ఎక్కువట.

ఇక దొరికిన ఆ ఒక్క మాస్టారి సంగతి. అల్లరి పిల్లాడు నల్లవాడైతే ఆయన దగ్గరికే పంపుతారు. తల్లిదండ్రులతో గొడవొస్తే ఆయనే సర్దిచెప్పాలి. జీతం మాత్రం అదే. ఒబామా దగ్గర విద్యామంత్రిగా చేసిన జాన్ కింగ్ 2016లో దీన్ని కంటికి కనబడని పన్ను అన్నారు. విసిగి ఆ మాస్టారు మానేస్తే, మళ్లీ కమిటీ కూర్చుంటుంది.

2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ టీచర్ల తయారీకిచ్చే 60 కోట్ల డాలర్ల గ్రాంట్లు రద్దుచేసింది. డైవర్సిటీ పేరుతో జనాన్ని విడదీసే సిద్ధాంతాలు నేర్పుతున్నారన్నది అభియోగం. దీనిపై కేసు పడితే, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, అది తేలేదాకా డబ్బు ఆపుకోవచ్చంది. కొరత మాత్రం ఉన్నచోటే ఉంది. బ్రోచర్ అట్ట మీద నవ్వే మాస్టారు ఉన్నారే, ఈసారి అచ్చులో ఆయనైనా ఉంటారో లేదో.