కూలిన చింతకు టీకా తాత్పర్యం

మూలం: “కూలిన వృక్షమును తగు రీతిన ఖండించి, తగు స్థలమున భద్రపరచవలయును.”

అవతారిక: గాలివానకు మా వీధిలో పడ్డ చింతమానుకు ఒక కార్యాలయంవారు మేకు కొట్టి తగిలించిన కాగితం ఇది. మన మెదకు సీమ కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఒట్టుపెట్టుకున్నాడు. మాకు దొరికిన మూలం వేళ్లతో సహా లేచి మురిక్కాలవ మీద పడి ఉంది కనుక ఆ ఒట్టు మాకు వర్తించదు.

టీక:

కూలిన — 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానును చూసిన విశాఖవాసులకు టీక అక్కర్లేదు.

వృక్షమును — సులభం. వదిలాం.

తగు రీతిన — వామనుడు వైదర్భి, గౌడి, పాంచాలి అని మూడు రీతులు చెప్పాడు. చింతమొద్దు దగ్గర మూడూ పనికిరావు. కొమ్మలు నరికి, మానును పొయ్యికి పట్టే పొడవున కోసి, పచ్చి మీదే చీల్చాలి. ఎండితే గొడ్డలికి లొంగదు. మొద్దు నిలబెట్టి మొహం చూస్తే సన్నని బీటలు నడుమ నుంచి అంచుకు పాకి ఉంటాయి. అదే దారి. నడిమి నల్లచేవ మీద వేశామా, గొడ్డలి ఎగిరి మోకాలి మీదికే వస్తుంది. అంచు నుంచి పేడు పేడుగా విడదీసుకుంటూ లోపలికి రావాలి. ముడి అడ్డుపడితే ఇనుప శీల దిగేసి సమ్మెటతో మోదాలి. మొదట ఠంగుమన్న శీల, లోపల నార తెగుతున్నకొద్దీ బొంగురుపోతుంది. కావ్యానికి ధ్వనే ఆత్మ అన్న ఆనందవర్ధనుడు ఈ ధ్వని విని ఉండడు. వింటే ఇంకో ఉద్యోతం రాసేవాడు. చింత తర్వాత తుమ్మ సంగతీ చెప్పవలసి ఉంది గానీ, కాగితం ఎదురు చూస్తోంది.

తగు స్థలమున — పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగం నీరే. అది ఐదోవంతుకు దిగకుండా పొయ్యిలో పెడితే మంట ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది; వండేవాళ్లకు పొగ మిగులుతుంది. కింద రాళ్లు వేసి, గాలాడేలా పేర్చి, పైన మాత్రం రేకు కప్పాలి. నేలకు ఆనితే చెదలు, చుట్టూ పట్టా బిగిస్తే బూజు. రెండు గదుల అద్దె ఇంట్లో ఆ స్థలం ఎక్కడో మూలకర్త సెలవియ్యలేదు.

భద్రపరచవలయును — క్రియ ఉంది, కర్త లేడు. అధ్యాహారం చేసుకోవాలి. రంపం అధ్యాహార్యం. ట్రాక్టరు అధ్యాహార్యం. కూలి డబ్బులకు మాత్రం ఎంత తంటాలుపడ్డా అన్వయం కుదరలేదు.

తాత్పర్యం: నిలబడ్డ చెట్టు కొట్టాలంటే అనుమతి తెమ్మనే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. పడ్డ చెట్టు తియ్యమని మొరపెట్టుకుంటే కాగితం వచ్చింది. ఆటో వీధి మొగలోనే ఆగిపోతోంది. నడవలేని ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మాను మీదుగా దాటించి ఆస్పత్రికి తీసుకెళ్లారు. కట్టెలు ఎవరు పట్టుకుపోయినా మాకు అభ్యంతరం లేదు. రంపంతో మనిషి ఏ తేదీన వస్తాడో రాయండి చాలు. ఆ వాక్యంలో ఎన్ని వ్యాకరణ దోషాలున్నా సాధువులే అని మేం సమర్థిస్తాం.