బలం బిళ్లల గుణనిర్ణయ శాస్త్రం

విటమిన్ మాత్రల నాణ్యతను తేల్చడానికి ఇతర దేశాలలో ప్రయోగశాలలు అవసరమవుతాయేమో గాని, అనకాపల్లి జిల్లా మాకవరపాలెంలో, ఆ మాటకొస్తే తెలుగు నేల మీద ఏ మందుల షాపు ముందైనా, ఆ పని పైసా ఖర్చు లేకుండా జరిగిపోతుంది. డబ్బా మీద గుర్రం దౌడు తీయడం మొదటి ప్రమాణం, ధర మూడంకెలకు చేరడం రెండవది, మింగిన మర్నాడు మూత్రం పచ్చగా రావడం తిరుగులేనిది. ఈ చివరిదానిలో శాస్త్రం లేకపోలేదు: బి-కాంప్లెక్సులోని రైబోఫ్లావిన్, అనగా బి2 విటమిన్, స్వతహాగా పసుపు రంగుది కనుక, శరీరం అక్కరలేదని వదిలేసిన భాగమే ఆ రంగులో దర్శనమిస్తుంది. ఒంటపట్టినదానికి కాక బయటికి పోయినదానికి రసీదు చూసుకుని తృప్తిపడే కొనుగోలుదారు మరే వ్యాపారంలోనూ దొరకడు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం వయోజన పురుషునికి రోజుకు 80 మిల్లీగ్రాముల సి విటమిన్ చాలు. చప్పరించే బిళ్లలో 500 ఉంటుంది. మిగులు ఎక్కడికి పోతుందో పైన చెప్పుకున్నదే.

అసలు పరీక్ష వేరు. లేబుల్ మీద రాసినంత విటమిన్ గడువు తీరేదాకా మాత్రలో మిగులుతుందా, ఆ మాత్ర కడుపులో విడిపోతుందా అన్నవే తేల్చవలసిన సంగతులు. ఔషధంగా అమ్మే పూతలేని మామూలు మాత్ర 37 డిగ్రీల నీటిలో 15 నిమిషాలలో విడిపోవాలని, మందుల ప్రమాణాలకు అధికారిక గ్రంథమైన ఇండియన్ ఫార్మకోపియా నిర్దేశిస్తుంది. వేడికి, తేమకు విటమిన్లు క్షీణిస్తాయి కనుకనే తయారీదారు కొంత ఎక్కువ కలిపి, చల్లని పొడి ప్రదేశంలో ఉంచవలెనని అచ్చు వేయిస్తాడు. మే నెలలో రేకుల కప్పు కింద, పడమటి ఎండ సూటిగా తగిలే అద్దాల బీరువాలో, ఆ డబ్బాలు ఈ ఆదేశాన్ని ఒంటి మీద మోస్తూనే ఉడికిపోతుంటాయి.

పైగా వీటిలో చాలా భాగం మందులే కావు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద 2016లో వెలువడిన నిబంధనలు వీటిని ఆహారంలో చేర్చి, ఔషధ వినియోగానికి కాదన్న హెచ్చరికను తప్పనిసరి చేశాయి. అందుచేత డాక్టరు చీటీ మీద రాయగా మందుల షాపులో కొని, మందులతోపాటు వేళకు మింగే ఈ వస్తువు చట్టం దృష్టిలో చేగోడీకి చెల్లెలు. 14 అంకెల ఆహార లైసెన్సు ఉంటే ఫిర్యాదు ఆహార భద్రతాధికారికి, ఔషధ తయారీ లైసెన్సు ఉంటే డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు వెళ్లాలి. ఆ అంకెలు కళ్లజోడుకు కూడా అందవు. గుర్రం మాత్రం రోడ్డు అవతలికి కనిపిస్తుంది.

ఊరి ప్రమాణాలన్నిటిలోనూ ఓడిపోయేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఎర్రబిళ్ల. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గల ఈ మాత్ర మందు కోవలోనిది కనుక ఔషధ చట్టానికి లోబడుతుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇంత వంశగౌరవం ఉన్నా, వికారం పెడుతుందని, అన్నిటికీ మించి ఊరికే వస్తుందని, అది గూట్లోనే ఉండిపోతుంది. ప్రభుత్వం ఆ పొట్లం మీద 480 రూపాయల ధర ముద్రించి, ఆశా కార్యకర్త చేత “ఎవరికీ చెప్పకమ్మా, నీ కోసమే దాచాను” అని చెవిలో చెప్పించి పంచితే, మండలానికి వచ్చిన స్టాకు వారం తిరిగేసరికి చాలదు.