‘డబ్బ పడది’ – సటీకాతాత్పర్యము

అవతారిక: కరీంనగరమున మా యింట ఇంటర్నెట్టు నిలిచిపోయిన నాల్గవనాడు, నిచ్చెన భుజమునకు దగిలించుకొని వచ్చిన లైన్‌మన్ పిల్లవాడు, మా అల్లుడు హైదరాబాదులో తన కనెక్షను తీసివేసి మాకు తెచ్చియిచ్చిన డబ్బాను బిగించి, తీగకొనను మీటరునకు గ్రుచ్చి చూచి, సూత్రప్రాయముగ నొక వాక్యము పలికెను. మెదకుసీమలోని కొల్చారమువాడని పెద్దలు చెప్పు మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయనని ప్రతిన పట్టి కాళిదాసునకు వ్యాఖ్య రచించెను. ఈ వాక్యమున లేనిదే లేదు గావున నాకు ప్రతిజ్ఞాభంగదోష మంటదు.

మూలము: “లైటు పడ్తది సార్, డబ్బనే పడది. గది వేరే కంపెనిది.”

ప్రతిపదార్థము: సార్ = ఓ గృహస్థుడా (నెలనెలా చెల్లించువాడా యని ధ్వని); లైటు = ఓఎల్టీ యను కేంద్రయంత్రమునుండి వెడలిన కాంతి; పడ్తది = చేరుచున్నది; డబ్బనే = ఓఎన్‌యూ యను గృహయంత్రమే; పడది = పొసగదు; గది = అదియే (ఇంటిలోని గది యని కోస్తావారు భ్రమింపరాదు); వేరే కంపెనిది = అన్యకులమున బుట్టినది.

వ్యాఖ్య: కేంద్రమునుండి బయలుదేరిన యొక్క గాజుపోగు, దారిలో స్ప్లిటరునొద్ద ముప్పదిరెండిండ్లకో అరువదినాలుగిండ్లకో చీలును. 1490 నానోమీటర్ల వెలుగు అన్ని యిండ్లకును దిగగా ప్రతి డబ్బాయు తన వంతు నేరుకొనును. బదులు పలుకునపుడు మాత్రము 1310 నానోమీటర్ల వెలుగుతో, తనకు కేటాయించిన క్షణముననే పలుకవలెను. ఈ మర్యాదలన్నియు అంతర్జాతీయ టెలికాం సంఘమగు ఐటీయూ వారి జీ.984 యను సూత్రగ్రంథమున గలవు. అయినను, వేదమొక్కటియే యైనను శాఖలు పెక్కైనట్లు, సూత్రమొక్కటియే యైనను కంపెనీకొక వృత్తి పుట్టినది. కేంద్రము తన శాఖలో నడిగిన ప్రశ్నకు డబ్బా వేఱొక శాఖలో నుత్తరమిచ్చును. పచ్చదీపము వెలుగును, పని జరుగదు.

ఈ వివాదమునకు పరిహారముగ బుట్టినది ‘వోల్తా’ యను సాఫ్టువేరు. ఓపెన్ నెట్‌వర్కింగ్ ఫౌండేషన్ వారు దీనిని పెంచిరి. 2023 డిసెంబరులో లైనక్స్ ఫౌండేషన్ వారి గొడుగు క్రిందికి వచ్చినది. వ్యాఖ్యాతలకు మిక్కిలి ప్రియమగు గుణము దీనికి గలదు: మూలమును దాచదు, ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. దీని వ్యాపారమెట్టిదన, ఉట్నూరు సంతలో గోండి మాటలాడువానికి గోండిలో, కొలామీకి కొలామీలో, మరాఠీకి మరాఠీలో బదులు చెప్పుచు, సాయంకాలము చిట్టాలో మాత్రము అన్ని బేరములను తెలుగుననే వ్రాసికొను దుకాణదారుని వ్యాపారము వంటిది. క్రిందివైపున ఏ జాతి యంత్రమున కా యడాప్టరును నియోగించి, దాని భాషలోనే దానితో మాటలాడును; పైవైపున నుండి నెట్‌వర్కును నడపు కంట్రోలరునకు ఆ కేంద్రయంత్రమును, దానికి వ్రేలాడు డబ్బాలను కలిపి, ఒక సామాన్యమగు ఈథర్నెట్ స్విచ్చిగ జూపును. జర్మనీలో డాయిష్ టెలికామ్ వారు స్టుట్‌గార్ట్ నగరమున దీనిని ప్రయోగమునకు దెచ్చిరి.

అలంకారము: లైటు పడుచుండగా డబ్బా పడకుండుట విరోధము, మొదటి ‘పడు’టకు చేరుటయు, రెండవదానికి పొసగుటయు అర్థము గ్రహింపగా విరోధము తొలగును గావున విరోధాభాసము. అల్లుని డబ్బా మామయింట పడకుండుటలో మఱియొక ధ్వని గలదని కొందరందురు. దానిని నేను వ్యాఖ్యానింపను.

తాత్పర్యము: తెలంగాణమున మిషన్ భగీరథ తాగునీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే, ఇంటింటికి ఇంటర్నెట్టు నిచ్చు ప్రభుత్వపు టీ-ఫైబరు గొట్టములను బఱచిరి. 2024 డిసెంబరు 8న ప్రయోగాత్మకముగ సేవలారంభించిన పల్లెలలో, పూర్వపు కరీంనగరము జిల్లాలోని అడవి శ్రీరాంపూరు ఒకటి. ఒకే కందకమున నీరును వెలుగును ప్రక్కప్రక్కనే వచ్చుచున్నవి. నీటి కొనకు, ఏ దుకాణమున గొన్న అరంగుళము నల్లాయైనను మరలు పట్టి బిగియును. నీ నల్లా యే కులమని గొట్టమడుగదు. వెలుగు కొనకును అట్టి మర్యాద రావలెననుటయే వోల్తా పరమార్థము.

ఇంత వ్యాఖ్యయు విని పిల్లవాడు నిచ్చెన మడిచి, తన తాత్పర్యము తాను చెప్పెను: “మంచిగనే ఉంది సార్. గప్పటిదాంక మా కంపెని డబ్బనే కొనుండ్రి.”