శాతం అడక్కండి, ఓటడగండి

మన దేశంలో ఓటేయడం తేలికే. ఎంతమంది వేశారో చెప్పడమే కష్టం.

1952 తొలి ఎన్నికల్లో పోలింగ్ ఎంత? ఒకాయన 45 శాతం అంటాడు, ఇంకొకాయన 61. ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి. ఓటర్లు 17 కోట్ల 32 లక్షలు, పడిన ఓట్లు 10 కోట్ల 59 లక్షలు, భాగిస్తే 61 రాక చస్తుందా! తిరకాసల్లా అప్పట్లో 86 నియోజకవర్గాలకు ఇద్దరేసి ఎంపీలుండటం. అక్కడ ఓటరుకు రెండేసి ఓట్లు. ఓట్లనే మనుషులనుకుని లెక్కేసినవాడికి ప్రజాస్వామ్యం 16 శాతం అదనంగా పూసింది. నల్లగొండా అలాంటిదే. అక్కడ రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లొచ్చాయి, నెహ్రూ కంటే ఎక్కువ. నెహ్రూదీ ఇద్దరు సభ్యుల స్థానమే గనక మన గొప్పకేం ఢోకా లేదు. చెడిందల్లా శాతమే.

భాగహారంలో కింద వేసే అంకె, అంటే జాబితాలోని ఓటర్ల సంఖ్య, సంగతి మరీ చిత్రం. సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యను, ఫలానా వారి కూతుర్ని అన్నందుకు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు ఆనాడు జాబితాకెక్కలేదు. జాబితాలో లేనివాళ్లు ఓటెయ్యలేదనే నింద ఉండదు కదా, ఆ మేరకు శాతం పెరిగినట్టే. పోయినవాళ్ల పేర్లుంటే మాత్రం తగ్గుతుంది. 2024లో హైదరాబాద్ స్థానంలో 48.48 శాతమే పోలైందని బతికున్నవాళ్లను తిట్టిపోశాం. జాబితాలో స్వర్గస్థులెందరో ఎవరడిగారు?

ఇప్పుడంతా కంప్యూటర్లే కదా అంటారా? 2024 ఏప్రిల్ 19న తొలి విడత. ఆ సాయంత్రం సుమారు 60 అన్నారు. పదకొండు రోజులకు 66.14గా తేలింది. నిజానికి పోలింగ్ ముగియగానే ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సిలో మొత్తం ఓట్లు రాసి, సంతకం చేసి, నకలు అభ్యర్థుల ఏజెంట్ల చేతిలో పెడతాడు. ఆ ఫారాలు అందరికీ చూపించమంటే, మార్ఫింగ్ చేస్తారని ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు విన్నవించుకుంది. మే 24న కోర్టు ఇప్పుడు జోక్యం చేసుకోలేమంది. మర్నాడే సంఘం అప్పటికి జరిగిన ఐదు విడతలకూ నియోజకవర్గాల వారీగా ఓట్ల సంఖ్య తనంతట తానే ప్రకటించింది. అడిగితే బెట్టు, అడగొద్దంటే ధారాళం!

బూత్ వారీ ఫారాలు మాత్రం ఏజెంట్ల దగ్గరే ఉన్నాయి. బూత్‌లు పది లక్షల పైచిలుకు. పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి, చొక్కా ఉతుక్కి పడకముందే జేబులు వెతుక్కోగలరు.