మెకానిక్ షెడ్డు స్థలనిర్ణయ శాస్త్రం

బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో చెప్పడానికి మనకు శాస్త్రముంది. బండి ఆగిపోతే దాన్ని బాగుచేసే షెడ్డు ఎక్కడుండాలో చెప్పే శాస్త్రానికి మాత్రం ఇంతవరకు భాష్యకారుడు దొరకలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పూనిక. దీన్ని కాకదంత పరీక్ష అని కొట్టిపారేసేవారు తమ స్కూటరు కిక్కుకు లొంగని రోజున చదువుకోవచ్చు.

ముందు రంగుల ప్రకరణం. మాస్టర్ ప్లాన్ పటంలో నివాసం పసుపు, వాణిజ్యం నీలం, పరిశ్రమ ఊదా. కాలుష్య నియంత్రణ మండలికీ రంగులంటే భక్తే. 2016లో కేంద్ర మండలి చేసిన వర్గీకరణలో వాహనాల సర్వీసింగు, రిపేరు, పెయింటింగు ఆరెంజ్ వర్గంలో పడ్డాయి. మరి పసుపు నేల మీద ఆరెంజ్ పని చేసే నల్లచేతుల మనిషి ఏ గడిలోకి వస్తాడు? ఈ కాగితం తెస్తే ఆ కాగితం ఇస్తామంటారు ఒకరు, ఆ కాగితం తెస్తే ఈ కాగితం ఇస్తామంటారు ఇంకొకరు. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమన్నారు. ఆఫీసుల్లో దీన్నే పద్ధతి అంటారు.

షెడ్డు ఉనికికి తార్కికుల ప్రమాణాలు సులభం. నేల మీద ఇంజనాయిలు మరక కనిపిస్తే అనుమానం. డెంటింగు సుత్తి మోతకు పై అంతస్తు రిటైర్డు హెడ్మాస్టరుగారు రాసిన ఫిర్యాదు శబ్దం.

అసలు చిక్కంతా కొలతలో ఉంది. హైదరాబాదులో ట్రేడ్ లైసెన్సుకు మూలం 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం, 521వ సెక్షన్. రుసుము లెక్క రోడ్డు వెడల్పును, షాపు చదరపు అడుగులను బట్టి ఉంటుంది. షట్టరు లోపల ఏముంటాయి? పానాల డబ్బా, గాలి కంప్రెసరు, ఆంజనేయస్వామి పటం, చిల్లర డ్రాయరు. రిపేరంతా బయట, వేపచెట్టు కింద, సగం రోడ్డు మీద. అంటే పని జరగని చోటికి లైసెన్సు ఉంది, పని జరిగే చోటికి లేదు. పైగా రోడ్డు వెడల్పైతే రుసుము పెరుగుతుంది గానీ, ఇంజను విప్పిన ఆటోలు నాలుగు నిలబడి అదే రోడ్డును సందుగా మార్చినా పైసా తగ్గదు. ఈ సూక్ష్మాన్ని పూర్వాచార్యులెవరూ పట్టించుకోలేదు.

వాడేసిన ఆయిలు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లరుకే చేరాలి. శిష్టాచారం వేరు: అది సెంట్రింగు చెక్కలకు, గేటు కీళ్లకు చేరుతుంది.

పూర్వపక్షం: అందరినీ ఆటోనగర్‌కు పంపితే సరిపోదా? విజయవాడలో 1960ల్లో అదే చేశారు. షెడ్లు వెళ్లాయి, వాటి వెనకే ఊరూ వెళ్లి చుట్టూ కూర్చుంది. లారీలకు ఆటోనగర్ ఉండాల్సిందే. పంక్చరైన స్కూటీని మాత్రం ఏ ఇల్లాలూ అంతదూరం తోసుకుపోదు.

సిద్ధాంతం: పంక్చరు, ట్యూనింగు, బ్రేకు పనులకు పసుపు నేలలో చోటివ్వాలి. డెంటింగు, పెయింటింగు ఊదాకు పోవాలి. కొలత టేపు షట్టరు దాటి వేపచెట్టు దాకా సాగాలి. ఒప్పుకోనివారు మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు పిలుస్తూ ప్రకటన వచ్చినప్పుడు రాసి పంపండి. మెకానిక్కులెలాగూ పంపరు. ఆ ప్రకటన వచ్చిన పేపరు పరిచి, దాని మీదే బోల్టులు ఆరబెట్టుకుంటారు.