వీలునామా చిట్టా ఆత్మకథ

చిట్టా అంటే ఏనాటి జమాఖర్చులు ఆనాడే, జరిగిన వరుసలోనే రాసుకునే పుస్తకం. తన కథ చెప్పుకుంటున్న ఈ చిట్టా ఏ దుకాణానిదో కాదు. కోనసీమలోని ఒక మండువా లోగిలికీ, ఆ ఇంటిని అమ్మి ముగ్గురు బిడ్డలకు సమానంగా పంచమని యజమాని రాసిపోయిన వీలునామాకూ చెందినది. వీలునామాను అమలు జరిపే బాధ్యత పెద్దకొడుక్కి అప్పగించబడింది. అట్టి వ్యక్తినే చట్టం ఎగ్జిక్యూటరు అంటుంది. భారత వారసత్వ చట్టం, 1925లోని 211వ సెక్షను ప్రకారం మృతుని ఆస్తి అతనికి సంక్రమించేది ఆ హోదాలోనే గాని స్వంతానికి కాదు కనుక, చిట్టాలో జమపడిన సొమ్ములో అప్పులు, ఖర్చులు పోగా మిగిలినదంతా లబ్ధిదారులది, అనగా వీలునామా కింద వాటా పొందవలసినవారిది.

తొలి పద్దులు అంత్యక్రియల ఖర్చు, ప్రొబేటు (అనగా వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఖర్చు, పాలేరుకు రావలసిన జీతం. వీటి వరుసను చట్టమే నిర్ణయించింది గనుక తగవు రాలేదు. ఆ వానాకాలంలో వసారా దూలం పుచ్చి పెంకులు జారినప్పుడు చిట్టాలో ఒక పుటంతా నిండింది: పెంకులు, వాసాలు, మేకులు, మేస్త్రీ కూలి, మోత కూలి ఒక్కొక్కటి ఒక్కొక్క వరుసలో పడగా, రసీదులను గుచ్చిన గుండుసూది తుప్పు మరక ఆ పుట అంచున ఇప్పటికీ ఉంది. ఈ పనికి తోబుట్టువుల అనుమతి తీసుకోనందుకు ఎగ్జిక్యూటరును తప్పుపట్టడానికి వీల్లేదు. ఆస్తి సంరక్షణకు, నిర్వహణకు అవసరమైన ఖర్చు చేసే అధికారం 308వ సెక్షను అతనికిచ్చింది. పైగా కురిసే ఇంటిని అలాగే వదిలేసి నష్టం తెచ్చినా జవాబు చెప్పవలసింది అతడే.

చిట్టాకు మచ్చ తెచ్చిన పద్దు మరుసటి ఏడాదిది. గ్రానైటు నేల, కొత్త స్నానాలగది, కారు షెడ్డు, ఇవన్నీ కలిపి "ఇంటి పనులు" అనే ఒకే మాట కింద, రసీదు ఒక్కటైనా లేకుండా, మొత్తంగా పడ్డాయి. అదే ఇంట్లో ఎగ్జిక్యూటరు కాపురముంటున్నాడన్న సంగతి మాత్రం చిట్టాలో ఎక్కడా లేదు. ఇవి మరమ్మతులు కావు, మెరుగులు. మెరుగులకు హైకోర్టు మంజూరు కావాలని అదే 308వ సెక్షను చెబుతుంది. ఇంటి విలువ పెరిగింది కదా అని అన్నగారు అన్నప్పుడు, అమెరికాలో ఉన్న చెల్లెలు ఆ విలువ ఎంత పెరిగిందో, ఖర్చెంత అయిందో పక్కపక్కన రాసి చూపమంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లుండే ఇలాంటి ఖర్చులో దురుద్దేశం అరుదు, ఇంటిమీది మమకారమే ఎక్కువ. అందుకే తోబుట్టువులకు అడగడానికి నోరు రాదు. లబ్ధిదారులందరూ సంగతి తెలిసి ముందే ఒప్పుకొని ఉంటే తరువాత ఆక్షేపించడం కష్టమే గాని, ఇక్కడ వారికి కబురైనా అందలేదు.

అడిగే హక్కుకు ఆధారాలు బలమైనవి. ప్రొబేటు పొందిన 6 నెలల్లో ఆస్తుల, అప్పుల జాబితాను, ఏడాదిలో జమాఖర్చుల లెక్కను కోర్టుకు సమర్పించాలని 317వ సెక్షను విధిస్తుంది. గడువు పొడిగించే అధికారం కోర్టుకుంది. తెలిసీ తప్పుడు లెక్క ఇవ్వడం నేరం. ఆస్తిని దుర్వినియోగం చేసి నష్టపరచిన ఎగ్జిక్యూటరు ఆ నష్టాన్ని పూడ్చాలని 368వ సెక్షను చెబుతుంది. అతణ్ణి తొలగించే అధికారం 301వ సెక్షను కింద హైకోర్టుకుంది. లెక్క తేల్చమని లబ్ధిదారు వేసే దావాను ఆస్తి నిర్వహణ దావా అంటారు. అందులో కోర్టు ముందుగా ప్రాథమిక డిక్రీ ఇచ్చి లెక్కలు తీయిస్తుంది. ఇంటిని ఎగ్జిక్యూటరే కొనుక్కుంటే, ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకునే హక్కు కూడా 310వ సెక్షను కింద ఆసక్తిగల ఇతరులకు ఉంటుంది.

ఈ చిట్టా కోర్టు మెట్లెక్కలేదు. దావా నోటీసు వచ్చాక ముగ్గురూ కూర్చుని "ఇంటి పనులు" అన్న పద్దును విడగొట్టారు. పెంకుల ఖర్చు ఆస్తి ఖాతాలోనే నిలిచింది. గ్రానైటు, స్నానాలగది, షెడ్డు ఖర్చులు అన్నగారి వాటాలోంచి మినహాయించి, ముగ్గురూ చివరి పుటలో సంతకాలు చేశారు.