సాదా వంట

బాన్సువాడలో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేసి ఆదివారం వస్తున్నామని చెబితే ఏళ్ల తరబడి ఒకటే జవాబు: "రండ్రి బిడ్డా, ఏం చేస్తలేను. సాదా వంటనే."

ఆ సాదా వంటలో ఉండేవి జొన్నరొట్టె, పచ్చిపులుసు, పెరుగు కలిపిన ఆలుగడ్డ. చదవడానికి ఒక వాక్యం కూడా నిండదు. కానీ ఇంట్లో ఊపిరి పీల్చే ప్రతివాళ్లకూ డ్యూటీ పడుతుంది. మామ పల్లీలు వేయించి పొట్టు ఊదాలి. అది ఎటు ఊదినా తిరిగొచ్చి ఆయన బనీను మీదే వాలుతుంది. కోడలు రోట్లో కారం దంచాలి. మిక్సీ లేక కాదు, ఉంది. దానికి పూలగుడ్డ కప్పి టీవీ పక్కన పెట్టారు. నాలాంటి చుట్టానికి ఉల్లిగడ్డ కోసే గౌరవం దక్కుతుంది. వచ్చిన సంతోషంలో ఏడుస్తున్నానని పక్కింటివాళ్లు అనుకుంటారు.

గ్యాస్ పొయ్యి ఉండగానే పెరట్లో కట్టెల పొయ్యి రాజేస్తారు, పచ్చిమిర్చి నిప్పుల మీద కాలాలి గనుక. ఆ ఘాటుకు వాడకట్టంతా దగ్గుతుంది. ఇంటికి చుట్టాలొచ్చారని వేరే చాటింపు అక్కర్లేదు.

ఇక ఆలుగడ్డ. ఈ విషయంలో అత్తది చట్టం, సవరణలుండవు. గడ్డను పొట్టుతోనే ఉడకబెట్టాలి, లేకపోతే నీళ్లు తాగుతుంది. పొగలు కక్కుతుండగానే పొట్టు తీసి చేత్తో చిదమాలి. మరీ మెత్తగా చేస్తే, "పసిపోరనికి తినిపిస్తున్నవా?" అని అడుగుతుంది. ఉప్పు, దంచిన మిర్చి ఆ వేడి మీదే పడాలి. అప్పుడే గడ్డ లోపలిదాకా పీల్చుకుంటుంది, చల్లారాక వేస్తే పైపైనే ఉండిపోతాయి. పెరుగు మాత్రం పూర్తిగా చల్లారితే గానీ పోయకూడదు, విరుగుతుంది. అంటే చేసేవాళ్లను వేళ్లు కాలేదాకా తొందరపెట్టి, తినేవాళ్లను ఆకలి చచ్చేదాకా ఆపే వంట ఇది. చివర్లో పల్లీల పొడి, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర, పైన ఆవాలూ జీలకర్రా పోపు. ఉప్పు ఎంత అని అడిగితే "పడ్డంత" అంటుంది. ఆ కొలతకు గరిటె ఏ కంపెనీ చేస్తుందో తెలియదు.

పల్లెవంట అని మురిసిపోతాం గానీ, ఈ పళ్లెంలో పల్లెది ఎంత? 1931లో నిజాంసాగర్ పూర్తై మంజీర నీళ్లు కాలువలకెక్కాక ఇటంతా వరి రాజ్యం. జొన్నలు అంగడిలో కొనుక్కోవాల్సిందే. ఆలుగడ్డ జహీరాబాద్ వైపు చలికాలంలో వేస్తారు, లేదంటే ఆగ్రా నుంచి లారీలో దిగుతుంది. అసలు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారంటారు. ఇదంతా అత్తకు విడమరిచి చెప్పాను. "పాపం, అంత దూరంకెళ్లి వచ్చినదానికి ఇంత పెరుగన్న పొయ్యొద్దా?" అంది.

నిరుడు అమెరికాలో చదివే మనవడు వచ్చి, ముద్ద నోట్లో పెట్టుకుని, "నాయినమ్మా, ఇది పొటాటో సలాడ్" అని ప్రకటించాడు. అక్కడ దీనికి మయోనైజ్ కలుపుతారట. జర్మనీలోనైతే ఇంటి తగవే ఉంది: దక్షిణాదివాళ్లు వెనిగరూ వేడి సూపూ పోస్తారు, ఉత్తరాదివాళ్లు మయోనైజ్ వేస్తారు, ఎవరికివారు తమదే అసలు వంట అంటారు. మనకు పులిహోర మీద ఉన్న పట్టింపే వాళ్లకు దీని మీద. మయోనైజ్ అంటే పచ్చి గుడ్డు సొన, నూనె కలిపి గిలక్కొట్టిందని మనవడు వివరించాడు. అత్త ఏమీ అనకుండా వాడి పళ్లెంలో ఇంకో గరిటె పెరుగు వేసింది.

అప్పుడు వాడు ఒహాయో కథ ఎత్తుకున్నాడు. 2014లో కొలంబస్ నగరంలో జాక్ బ్రౌన్ అనే ఆయన, కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో, పొటాటో సలాడ్ చేసుకోవాలి, పది డాలర్లు కావాలి అని సరదాగా రాశాడు. 6,911 మంది కలిసి 55,492 డాలర్లు ఇచ్చారు. డాలరు ఇచ్చినవాళ్ల పేరు సలాడ్ చేసేటప్పుడు పైకి చదువుతానన్నాడు. మూడు డాలర్లిస్తే ఒక ముద్ద రుచి చూపిస్తానన్నాడు.

మాకిందులో వింతేమీ తోచలేదు. అత్త ఎన్నేళ్లుగానో ఉచితంగా చేస్తున్న పనే. గడ్డ చిదిమినంతసేపూ పేర్లు చదువుతూనే ఉంటుంది: పెండ్లికి రానివాళ్లు, వచ్చి తినకుండా పోయినవాళ్లు, తిని వంక పెట్టినవాళ్లు. మామ వైపు చుట్టాల దగ్గరికి వచ్చేసరికి చిదమడంలో బలం పెరుగుతుంది. ఆ రోజుల్లో గడ్డ మెత్తగా ఉంటుంది.

మనవడు కథ ముగించి, ఎట్లుంది నాయినమ్మా అన్నట్టు చూశాడు. అత్త డాలర్ల సంగతే అడగలేదు. కాసేపు లెక్కేసుకుని అంది:

"గన్ని వేల పేర్లు సదివేసరికి గడ్డ సల్లారిపోదారా? ఇగ దానికి ఉప్పేం పడ్తది?"